ఆ నాలుగింటినీ ‘ఇతర సబ్జెక్టులు’ అనకండి

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ చదువుల పేజీలో బీమా, పింఛన్ల లెక్కలు వేసే యాక్చువరీలను తయారుచేసే యాక్చువేరియల్ సైన్స్ డిగ్రీ గురించి వచ్చిన వ్యాసం చదివాను. నేను ఒక జీవిత బీమా సంస్థ వాల్యుయేషన్ విభాగంలో 31 ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని. మా అక్క మనవరాలు ఆ కోర్సులో చేరతానంటూ మీ వ్యాసాన్నే కత్తిరించి తెచ్చి నా ముందు పెట్టింది. గణితానికి, సంభావ్యతకు, గణాంక శాస్త్రానికి తలా ఒక పేరా ఇచ్చిన వ్యాసకర్త, అకౌంటింగ్, అర్థశాస్త్రం, కంప్యూటర్, రచనా నైపుణ్యం అనే నాలుగింటినీ ‘ఇతర సబ్జెక్టులు’ అంటూ చివరి వాక్యంలోకి నెట్టేశారు. ఆ పిల్ల సరిగ్గా ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, “ఇవి పాసైతే చాలు కదా చిన్నమ్మమ్మా?” అని అడిగింది. ఈ ఉత్తరం ఆ గీత గురించే.

ముందు గణితం సంగతి. అందులో వ్యాసకర్త తప్పు రాసిందేమీ లేదు. కలన గణితం (కాలిక్యులస్) కనీసం మూడు సెమిస్టర్లు చదవాలి. మొదటి రెండింట్లో ఒకే చలరాశి, మూడోదాంట్లో అనేకం. బీమాకు సమాకలనం ఎందుకని మేమూ చదువుకునే రోజుల్లో విసుక్కున్నవాళ్లమే. ఒక మనిషి ఇంకా సగటున ఎన్నేళ్లు బతుకుతాడో తేల్చాలంటే, అతడు ఒక్కో వయసు దాకా బతికి ఉండే సంభావ్యతలను కూడుకుంటూ పోవాలి. ఆ కూడికే సమాకలనం. భార్యాభర్తలిద్దరి పేరున పింఛను లెక్కకట్టేటప్పుడు భర్త ముందు పోతే ఒక లెక్క, భార్య ముందు పోతే మరో లెక్క. ఇద్దరి ఆయుష్షులను రెండు అక్షాల మీద వేసుకుని, మూలబిందువు నుంచి ఏటవాలుగా ఒక గీత గీస్తే, దానికి ఇటు పక్క ఒక సందర్భం, అటు పక్క రెండోది. ద్విసమాకలనం చేయాల్సింది ఆ ఒక్క పక్కన. బొమ్మ గీసుకోకుండా అవధులు పెట్టబోయి నేను ఎన్నిసార్లు తప్పులో కాలేశానో లెక్కలేదు. ఇప్పటికీ గీసుకునే మొదలుపెడతాను.

మాత్రికలూ అంతే. ఆరోగ్యం, అనారోగ్యం, మరణం అని మూడు స్థితులు పెట్టుకుని, ఏడాదిలో ఒకదాని నుంచి మరొకదానికి మారే సంభావ్యత ఎంతో ఒక మాత్రికలో రాసుకుంటాం. ఆ అంకెలు ఏటా మారవనుకుంటే, దాన్ని పదో ఘాతానికి హెచ్చిస్తే పదేళ్ల తరవాతి పరిస్థితి వచ్చేస్తుంది. ఈ మాత్రికలు నేర్పే రేఖీయ బీజగణితం పాఠ్యక్రమంలో లేని కోర్సుకు యాక్చువేరియల్ అనే పేరే తగదు.

సంభావ్యత దగ్గర మాత్రం కాస్త ఆగుతాను. ఆ అమ్మాయికి నేను కాగితం మీద వేసి చూపించిన మొదటి లెక్క అదే. ఒకే వయసువాళ్లు 1,000 మంది. ఏడాదిలో చనిపోయే అవకాశం ఒక్కొక్కరికి వెయ్యికి 2. తలా 10 లక్షలకు బీమా. సగటున ఇద్దరు పోతారు, 20 లక్షలు చెల్లించాలి, తలకు 2,000 పడుతుంది. చెల్లింపు ఏడాది చివర అనుకుని 5 శాతం వడ్డీ తీసేస్తే నేటి విలువ 1,904.76. “అయితే ప్రీమియం తేలిపోయినట్టేగా” అంది. ఇద్దరికి బదులు ముగ్గురు పోతేనో అన్నాను. ముగ్గురు గానీ అంతకు మించి గానీ పోయే అవకాశం దాదాపు 32 శాతం. అంటే ఆ ప్రీమియంతో వ్యాపారం చేసే సంస్థ మూడేళ్లకోసారి చేతులెత్తేయాలి. అయిదుగురు, ఆపైన పోయే అవకాశం కూడా 5 శాతం పైనే. అదే 1,000 మందికి బదులు లక్ష మందిని తీసుకుంటే సగటు 200, ప్రామాణిక విచలనం, అంటే సగటుకు అటూ ఇటూ మామూలుగా ఉండే తేడా, 14 చిల్లర. వెయ్యి మందిలో విచలనం సగటులో 70 శాతం ఉంటే, లక్ష మందిలో 7 శాతానికి దిగింది. ఆ పిల్ల కాగితాన్ని తన వైపు తిప్పుకుని మళ్లీ చూసింది. బీమా అనే వ్యాపారం నిలబడి ఉన్నది ఈ 70కీ 7కీ మధ్యనే. పట్టిక చూసి అంకెలు ఎక్కించేవాళ్లకూ, ఇది అర్థమై ఎక్కించేవాళ్లకూ పనిలో చాలా తేడా ఉంటుంది.

ఒక సూచన. సంభావ్యత సిలబస్‌లో సంయుక్త విభజనలు (ఒకటికి మించిన చలరాశుల సంభావ్యతను కలిపి చెప్పేవి) వచ్చేసరికి అనేక చలరాశుల కలన గణితం కావాలి. కొన్ని చోట్ల ఈ రెండింటినీ ఒకే సెమిస్టర్‌లో పెడుతున్నారు. ఇంకొన్ని చోట్ల సంభావ్యతనే ముందు చెప్పేస్తున్నారు. సగం చదివాక పిల్లలు సూత్రాలు బట్టీ పట్టడం మొదలుపెడతారు, ఆ అలవాటు తరవాత వదలదు. చేరే ముందు ఆ వరుస చూసుకోవాలి.

రెండో ఏడాది నుంచి అసలు వృత్తి పాఠాలు. వడ్డీ సిద్ధాంతం, యాన్యుటీలు (పింఛనులా క్రమం తప్పకుండా వచ్చే చెల్లింపులు), బాండ్లు, రుణ చెల్లింపుల పట్టికలు ఒక పేపరు. జీవిత బీమా గణితం మరొకటి, కొన్నిచోట్ల రెండు. తరవాత రిగ్రెషన్, కాలశ్రేణులు, మార్కోవ్ గొలుసులు, నష్టాల నమూనాలు, క్రెడిబిలిటీ సిద్ధాంతం. ఇవి అన్ని విశ్వవిద్యాలయాల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి వీటి మీద ఎక్కువ రాయను. కానీ ఈ పాఠాలు ఎక్కడి నుంచి వచ్చాయో తరగతిలో ఎవరూ చెప్పకపోవడం నాకెప్పుడూ లోటుగానే తోచింది. 1693లో ఎడ్మండ్ హేలీ, అదే తోకచుక్క హేలీ, ఇప్పటి పోలండ్‌లోని బ్రెస్లా నగరపు జనన మరణాల చిట్టాతో ఒక మరణాల పట్టిక తయారుచేసి, దాంతో యాన్యుటీ వెల కట్టి చూపించాడు. జేమ్స్ డాడ్సన్ అనే గణిత ఉపాధ్యాయుడు బీమాకు వెళితే, 45 దాటిన వయసు చూసి పాలసీ ఇవ్వలేదు. అన్ని వయసులవాళ్లకూ వయసును బట్టి, జీవితాంతం ఒకే ప్రీమియం ఉండేలా లెక్క వేయవచ్చని ఆయన కూర్చుని తేల్చాడు. ఆయన 1757లో పోయాడు. ఆ లెక్కల మీద లండన్‌లో 1762లో ఈక్విటబుల్ సొసైటీ మొదలైంది. ఈ ఈక్విటబుల్ దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇక ఆ నాలుగు.

అకౌంటింగ్ నేను డిగ్రీలో చదవలేదు. నాది శుద్ధ గణితం. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది రిజర్వు లెక్క వేసి, మూడుసార్లు సరిచూసి, ఎంతో గర్వంగా అకౌంట్స్ విభాగానికి పట్టుకెళ్లాను. అక్కడి పెద్దాయన కళ్లజోడు పైనుంచి చూసి, “ఈ అంకె ఆస్తుల వైపు రాయాలా, అప్పుల వైపు రాయాలా అమ్మా?” అన్నారు. రిజర్వు అంటే నిల్వ, నిల్వ అంటే సొమ్ము, సొమ్మంటే ఆస్తి. అలా అనుకుని “ఆస్తులు” అన్నాను. ఆయన నవ్వలేదు, అది ఆయన మంచితనం. రిజర్వు అంటే పాలసీదారులకు సంస్థ పడిన బాకీ. ఏడాది మొదట్లో ఉన్న రిజర్వుకు వసూలైన ప్రీమియం కలిపి, దాని మీద వడ్డీ వేస్తే వచ్చే మొత్తం రెండిటికి సరిపోవాలి. ఏడాదిలో పోయినవాళ్ల కుటుంబాలకు ఇవ్వాల్సింది ఒకటి, బతికున్నవాళ్ల పేరున చివర్లో ఉంచాల్సిన రిజర్వు రెండోది. ఈ సమీకరణం నేను పరీక్షలో పదిసార్లు రాసి ఉంటాను. అది ఒక ఖాతా పుస్తకం అన్న సంగతి మాత్రం ఆ రోజుకు గానీ తెలియలేదు.

అక్కడితో అయిందా? మరుసటి ఏడు కొత్త పాలసీలు బాగా అమ్ముడుపోయాయి, లాభం మాత్రం పడిపోయింది. అమ్మకాలు పెరిగితే లాభం తగ్గడమేమిటని మార్కెటింగ్ వాళ్లు మా మీదికి వచ్చారు. కొత్త పాలసీకి కమిషను, వైద్య పరీక్ష ఖర్చు అన్నీ మొదటి ఏడాదే పోతాయి, దాని మీద రిజర్వు కూడా పెట్టాలి. వచ్చిన ప్రీమియం వాటికి చాలదు. ఇది ఒక సెమిస్టర్ అకౌంటింగ్ చదివిన పిల్లవాడికి పది నిమిషాల్లో చెప్పవచ్చు. నాకు తెలుసుకోవడానికి రెండేళ్లు పట్టింది. 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐఎఫ్ఆర్ఎస్ 17 అనే బీమా ఖాతాల అంతర్జాతీయ ప్రమాణం వచ్చాక యాక్చువరీకీ అకౌంటెంటుకూ మధ్య ఉన్న ఆ కాస్త గోడ కూడా కూలిపోయింది. ఇకముందు చేరేవాళ్లకు తప్పించుకునే దారే లేదు. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి మరి.

అర్థశాస్త్రం గురించి. ఉద్యోగం చివరి పదేళ్లు కొత్తవాళ్లను తీసుకునే ఇంటర్వ్యూ బోర్డులో కూర్చునేదాన్ని. నేను అడిగే ప్రశ్న ఒకటుండేది. ఒక ఆరోగ్య బీమా పథకంలో వసూలైన ప్రీమియం కన్నా క్లెయిములు 20 శాతం ఎక్కువయ్యాయి, ఏం చేస్తారు? దాదాపు అందరూ ప్రీమియం 20 శాతం పెంచుతామనేవారు. పెంచితే ముందుగా ఎవరు మానుకుంటారని అడిగేదాన్ని. చాలామంది అక్కడ ఆగిపోయేవారు. ఆస్పత్రి అవసరం లేని ఆరోగ్యవంతులే ముందు మానుకుంటారు. మిగిలినవాళ్లలో రోగుల పాలు పెరుగుతుంది, మరుసటి ఏడు క్లెయిములు మళ్లీ ప్రీమియాన్ని దాటిపోతాయి, మళ్లీ పెంచాలి. దీన్ని అర్థశాస్త్రంలో ప్రతికూల ఎంపిక అంటారు. సూక్ష్మ అర్థశాస్త్రంలో ఇదొక అధ్యాయం. ఆ అధ్యాయం చదివినవాళ్లు నేను చెప్పకముందే ఈ చక్రాన్ని బోర్డు మీద గీసేసేవారు. గణితంలో నూటికి తొంభై అయిదు వచ్చిన ఒక అబ్బాయి మాత్రం మూడుసార్లు ప్రీమియం పెంచి, చివరికి పథకంలో ఎవరూ మిగలలేదని తనే తేల్చుకుని తలపట్టుకున్నాడు. అతణ్ని తీసుకున్నాం లెండి. తల పట్టుకునేవాళ్లు పనికొస్తారు.

స్థూల అర్థశాస్త్రం ఎందుకంటారా, ఈక్విటబుల్ దగ్గరికి వస్తానన్నాను కదా. ఆ సంస్థ 1957 నుంచి 1988 వరకు అమ్మిన పింఛను పాలసీల్లో, పదవీ విరమణ నాటికి ఇంతకు తగ్గని రేటున యాన్యుటీ ఇస్తామని హామీ రాసిచ్చింది. వడ్డీ రేట్లు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆ హామీకి విలువే లేదనుకున్నారు. 1990ల్లో వడ్డీలు పడిపోయాయి, మనుషుల ఆయుష్షు పెరిగింది, కాగితం మీది హామీ నెత్తిన బండరాయి అయింది. బోనసు తగ్గించి సర్దుకుందామని చూస్తే 2000 జులైలో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ కుదరదంది. ఆ డిసెంబరులో సంస్థ కొత్త వ్యాపారానికి తలుపులు మూసేసింది. శాస్త్రీయ జీవిత బీమాకు పునాది వేసిన సంస్థకు ఆ గతి పట్టింది. అక్కడ గణితం రానివాళ్లు ఎవరూ లేరు. వడ్డీ రేటు మీద ఇచ్చిన హామీ కూడా ఒక ఆప్షనే, అంటే లాభముంటేనే వాడుకునే హక్కే, దానికీ వెల కట్టాలి అన్నది పాఠం. ఆప్షన్ల వెల కట్టే పద్ధతి 1973 నుంచీ ఉంది. ఇప్పుడు డిగ్రీల్లో డెరివేటివ్స్, ఫైనాన్షియల్ ఎకనామిక్స్ పేపర్లు ఎందుకున్నాయని అడిగే పిల్లలకు నేను చెప్పే కథ ఇదే.

కంప్యూటర్ అనగానే అందరూ ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల పేర్లు చెబుతారు. నేర్చుకోవాల్సిందే. కానీ పాఠ్యక్రమాల్లో ఇచ్చే డేటా కడిగి ఆరబెట్టిన బియ్యంలా ఉంటుంది. ఉద్యోగంలో వచ్చేది వడ్లబస్తా. ఒకసారి ఒక ఫైలులో పాలసీదారుల సగటు వయసు మేం అనుకున్నదాని కన్నా చాలా ఎక్కువ తేలింది. సూత్రమంతా తిరగేశాం, తప్పు దొరకలేదు. చివరికి మా కుర్రవాడొకడు వయసులవారీగా బొమ్మ వేస్తే కుడి చివర ఒక్కచోట గోపురంలా లేచింది. వాళ్లందరూ 1900 జనవరి 1న పుట్టినవాళ్లే! పుట్టిన తేదీ లేని ప్రతి పాలసీకీ పాత కంప్యూటర్ ఆ తేదీ పెట్టుకుంటూ పోయింది. బొమ్మ వేయకపోతే అవన్నీ నూరేళ్లవాళ్ల పేరున రిజర్వులోకి ఎక్కేవి. ఆ కుర్రవాడు ప్రోగ్రామింగ్‌లో అంత గొప్పవాడేం కాదు. లెక్క మొదలుపెట్టే ముందు డేటాను కళ్లారా చూడాలని వాళ్ల ప్రొఫెసర్ నేర్పారట. ఒక సెమిస్టరంతా చెత్త డేటా ఇచ్చి శుభ్రం చేయించే పేపరు ఏ డిగ్రీలోనైనా ఉంటే, నేను దానికి రెండు మార్కులు ఎక్కువ వేస్తాను.

నాలుగోది రాయడం. వ్యాసకర్త దీన్ని ‘నైపుణ్యం’ అన్నారు. అది మా పనిలో సగం. బోనసు ఎందుకు తగ్గిందని ఒక పాలసీదారు రాసిన ఉత్తరానికి నేను తయారుచేసిన జవాబును మా పై అధికారిణి మూడుసార్లు వెనక్కి పంపారు. మొదటిసారి అందులో ‘వర్తమాన విలువ’ నాలుగుచోట్ల ఉంది. రెండోసారి ఒకచోటే ఉంది. మూడోసారి మాట లేదు గానీ, జవాబూ లేదు. “ఆయన తనకు ఎంత వస్తుందని అడిగారు. నువ్వు అది ఎలా వస్తుందో చెప్పావు” అన్నారావిడ. నాలుగోసారి తొలి వాక్యంలోనే అంకె పెట్టాను. గణితం డిగ్రీలో మూడేళ్లు నేను రాసినవన్నీ నిరూపణలు. వాటిలో ఫలితం చివర వస్తుంది. ఆ అలవాటును వెనక్కి తిప్పడానికి నాకు ఉద్యోగంలో సగం కాలం పట్టింది.

మీ వ్యాసంలో, యాక్చువరీ కావడానికి రాసే వృత్తి పరీక్షల గురించి ఒక సవరణ కూడా అవసరం. అవి డిగ్రీ అయ్యాకే రాయాలన్నట్టు రాశారు. చదువుతుండగానే మొదటివి రాయవచ్చు, చాలామంది రాస్తారు కూడా. అమెరికాలోని సొసైటీ ఆఫ్ యాక్చువరీస్ పెట్టే సంభావ్యత పరీక్షలో 3 గంటల్లో 30 ప్రశ్నలు, అంటే ఆరు నిమిషాలకొకటి. ఆ సొసైటీ తనే పరీక్ష పెట్టకుండా, విశ్వవిద్యాలయంలో చదివి మంచి గ్రేడు తెచ్చుకున్నారా అని చూసే సబ్జెక్టులు కొన్ని ఉన్నాయి. ఏమిటవి? అర్థశాస్త్రం, అకౌంటింగ్‌తో కలిపి ఫైనాన్స్, గణిత గణాంక శాస్త్రం. మీ ‘ఇతర సబ్జెక్టుల్లో’ రెండు అక్కడే ఉన్నాయి చూడండి. బ్రిటన్‌లోని ఇన్‌స్టిట్యూట్ అండ్ ఫ్యాకల్టీ ఆఫ్ యాక్చువరీస్ గణితం, గణాంకాల పేపర్లతోపాటు బిజినెస్ ఫైనాన్స్‌కు, బిజినెస్ ఎకనామిక్స్‌కు విడిగా పరీక్షలు పెడుతుంది. 2019 నుంచి ఆ గణితం, గణాంకాల పేపర్లలో రెండో భాగాన్ని కంప్యూటర్ మీదే చేయాలి.

కొన్ని కళాశాలలు ఈ పరీక్షల పేరు చెప్పుకుని డిగ్రీనే శిక్షణ కేంద్రంగా మార్చేస్తున్నాయి. మా మనవరాలు తెచ్చిన ఒక కళాశాల సమాచార పుస్తకంలో ప్రతి సెమిస్టర్ చివరా పరీక్షా తర్ఫీదుకు ఆరు వారాలు కేటాయించారు. అర్థశాస్త్రాన్ని ఇష్టమైతే తీసుకునే పేపరుగా పెట్టారు. అకౌంటింగ్ ఒక్క సెమిస్టర్, అదీ చివరి ఏడాది. ఆరు నిమిషాల ప్రశ్నలకు జవాబు చెప్పేవాళ్లు అక్కడ తయారవుతారేమో. నా ఉద్యోగంలో ఒక్కొక్క ప్రశ్నకు ఆరు వారాలు పట్టేది, నాలుగైదు జవాబుల్లోంచి ఒకటి ఎంచుకునే సౌకర్యం ఎప్పుడూ ఉండేది కాదు.

కాబట్టి నా మనవి ఒకటే. మళ్లీ ఈ కోర్సు గురించి వేసేటప్పుడు సబ్జెక్టుల పేర్లతో ఆపకుండా ఏ సెమిస్టర్‌లో ఏది, దేని తరవాత ఏది, ఏది తప్పనిసరి, ఏది ఐచ్ఛికం అన్నవి కూడా వేయించండి. ఆ నాలుగింటికీ తలా ఒక పేరా ఇవ్వండి, చోటు చాలకపోతే గణితం పేరాలో రెండు వాక్యాలు తగ్గించినా నేను నొచ్చుకోను.

మా మనవరాలు వచ్చే వారం ఇంకో కళాశాల పుస్తకం తెస్తానంది. అది చేతికి రాగానే నేను మొదట తిప్పబోయేది రెండో సెమిస్టర్ పేజీ. అక్కడ అకౌంటింగ్ ఉందో లేదో, ఉంటే ఎవరు చెబుతున్నారో చూడాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత యాక్చువరీ